ఎవరు? ఎక్కడి నుంచి?

నాలుగు గంటలకు కాగితాలు కోర్టుకు పోతాయని ఇన్‌స్పెక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. ఎక్స్ఛేంజ్ అక్క ఆసుపత్రి వెనక గేటులోంచి లోపలికి అడుగుపెట్టేసరికి ఒంటిగంటా నలభై అయింది. అంటే ఆమె చేతిలో మిగిలింది రెండు గంటల ఇరవై నిమిషాలు.

అక్క ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరుగా పనిచేసింది. యంత్రాలు వచ్చి ఆ బల్లలు ఎత్తేశాక, ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం చేతగాక, అపరాధ పరిశోధనలోకి దిగింది. వయసు యాభై ఆరు. మోకాళ్లు అంతంత మాత్రం, చెవులు మాత్రం ఇప్పటికీ పాము చెవులే. ఉద్యోగంలో చేరిన రోజున సూపర్‌వైజరమ్మ నేర్పిన పాఠాన్ని ఆమె ఇంతవరకూ మరచిపోలేదు. అవతలివాళ్లను రెండు ప్రశ్నలు అడగాలి: ఎవరు మాట్లాడుతున్నారు, ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు. మొదటిదానికి జవాబు రాగానే రెండోదానికీ వచ్చేసిందనుకున్న ఆపరేటరు ఏదో ఒక రోజు ఎవరి కొంపో ముంచుతుందని ఆవిడ అనేది.

కేసు చూడబోతే చాలా చిన్నది, చాలా దిక్కుమాలినది. నాలుగు రోజుల కిందట ఈ ఏడంతస్తుల ఆసుపత్రిలో లిఫ్టు మెకానిక్ చనిపోయాడు. లిఫ్టు కింద గుంటలో ఎర్ర స్విచ్చి ఒకటి ఉంటుంది. మెకానిక్ గుంటలోకి దిగగానే దాన్ని నొక్కేస్తే, పైన ఎవరేం చేసినా లిఫ్టు కదలదు. ఆ రోజు పాడైపోయింది ఆ స్విచ్చే. దాన్ని మార్చడానికే అతను దిగాడు. కాబట్టి అతని ప్రాణానికి కాపలా ఒక్కటే: కంప్యూటర్ నుంచి వేసిన లాక్. లిఫ్టును మూడో అంతస్తులో ఆపి, ఉదయం 11:05కి లాక్ వేశారు. 11:30కి మెకానిక్ గుంటలోకి దిగాడు. 11:42:08కి ఎవరో లాక్ తీసేశారు. కింద వరండాలో ఎవరో పేషెంటు తాలూకు మనిషి అంతకు ముందెప్పుడో నొక్కిన బటన్‌కు జవాబుగా లిఫ్టు నిమ్మళంగా కిందికి దిగింది.

లాక్ వేసినవాడు లిఫ్టు ఆపరేటరు. మెకానిక్‌కు స్వయానా అన్న. తీసింది కూడా తనేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకోలు కాగితం మీద అతని సంతకం ఉంది. అతని కూతురు మాత్రం ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం అక్క ఇంటికి వచ్చి, చెప్పులు విప్పడం కూడా మరచిపోయి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

"మా నాన్న చెయ్యలేదు. మీరు నిరూపించండి. ఏం బయటపడినా ఫరవాలేదు, నిజం కావాలి."

ఇరవై నాలుగేళ్ల పిల్ల. ఆ లాక్ వేసే, తీసే ప్రోగ్రాం రాసింది ఆ పిల్లే. తండ్రికీ బాబాయికీ మధ్యాహ్నం భోజనం తెచ్చి, కింద స్టోర్ రూంలో కూర్చుని ప్రోగ్రాం తాలూకు ఫైళ్లు కాపీ చేసుకుంటోందట అప్పుడు. బాబాయి కేక మొదట విన్నది తనేనట.

*

తండ్రిని ఆ పూట ఆసుపత్రికే తెచ్చారు, జరిగింది జరిగినట్టు చూపించడానికి. సెక్యూరిటీ గదిలో బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కానిస్టేబుల్. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయాడని చూడగానే తెలుస్తోంది, చొక్కా మెడ దగ్గర వేలాడుతోంది.

అక్క ఎదురుగా కుర్చీ లాక్కుని, ఏ టైముకు ఏం చేశారో ఒక్కొక్కటీ అడిగింది. పొద్దున ఎనిమిదింటికి పైన కంట్రోల్ రూంకి వచ్చాడు, కంప్యూటర్ పెట్టాడు, 11:05కి లాక్ వేశాడు. అంతవరకూ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"పదకొండూ నలభై రెండుకి?"

"మౌస్ తగిలిందమ్మా. లాక్ పోయింది. నేనే."

"తగిలిందా, నొక్కారా?"

"ఏదైతే ఏముంది. వాడు పోయాడు కదా." కాసేపు చేతుల వంక చూసుకున్నాడు. "వాడికి పదేళ్లప్పుడు మా నాన్న పోయాడు. స్పానర్ పట్టుకోవడం నేనే నేర్పాను. గుంటలోకి దిగేముందు పైకి చూసి అన్నయ్యా అని ఒక కేక వెయ్యాలి, నేను ఊఁ అన్నాకే దిగాలి. అదీ మా లెక్క. ఆ రోజూ వేశాడు. నేనూ ఊఁ అన్నాను."

ముప్పై ఏళ్లు మనుషుల మాటలు తీగల మీద విన్నది కాబట్టి అక్కకు ఒకటి తెలుసు: ఈ మనిషి ఏడుపు నిజం, చెబుతున్న మాటే అబద్ధం. రెండూ ఒక గొంతులో ఎలా ఇముడుతున్నాయో అంతుపట్టలేదు.

లేవబోతుంటే ఆయన చీర కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

"అమ్మా, ఇంక తవ్వకండి. మా అమ్మాయికి చెప్పండి, ఆ కంప్యూటర్ పక్కన పడేసి నిద్రపొమ్మని. నాలుగు రోజులుగా అది కళ్లు మూయలేదు. మీ మాటైతే వింటుంది."

చెబుతానని అక్క మాట ఇచ్చింది. తండ్రి ప్రేమ అనుకుంది.

*

కంట్రోల్ రూం ఏడో అంతస్తు మీద, డాబా పక్కన. లిఫ్టు ఆపేశారు కాబట్టి అక్క అంతస్తుకోసారి ఆగి మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లెక్కింది. వెళ్లేసరికి ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు, తలుపుకు ఆనుకుని. అతను అక్కకు మరిది. ఇంట్లో భోజనాల దగ్గర ఎంత గారాబమో, కేసు దగ్గర అంత కొరకరాని కొయ్య.

"రండి వదినా. ఒప్పుకున్న మనిషిని కాదనడానికి ఏడంతస్తులు ఎక్కొచ్చారు. మీ ఓపికకు దణ్ణం."

"నీకు అన్నం పెట్టిన ఓపికే నాయనా ఇది. కాస్త పక్కకు జరుగు."

చిన్న గది. బల్ల మీద తాతలనాటి కంప్యూటర్. గోడకు ఇనుప పెట్టె. లిఫ్టును నడిపేది ఆ పెట్టె, ఎవరు ఏ క్షణాన ఏం చేశారో దాచుకునేదీ అదే. ఆ దాచుకున్న చిట్టానే వీళ్లు లాగ్ అంటారు. అక్క బల్ల దగ్గర వంగి అంగుళం అంగుళం చూసింది. కీబోర్డు మీద ఒక మీటకు ఎర్ర కాగితం అంటించి ఉంది, లాక్ తీయడానికి. తీగలన్నీ వెనక్కు వెళ్లి చూసి వచ్చింది.

"మౌస్ ఏది?"

ఇన్‌స్పెక్టరు భుజాలు ఎగరేశాడు. అక్క కంప్యూటర్ డబ్బా పక్కకు తిప్పింది. రిపేరు షాపువాడు అంటించిన చీటీ కనిపించింది. లోపలికి మంగళవారం, బయటికి గురువారం, పోయిన వారం తేదీలు. అడుగున పెన్నుతో రాసి ఉంది: మౌస్ పనికిరాదు, పారేశాము.

"ఈ కంప్యూటర్‌కు వారం రోజులుగా మౌసే లేదు. ఆయనేమో మౌస్ తగిలిందంటున్నాడు. నువ్వేమో రాసుకున్నావు."

"కంగారులో ఏదో అన్నాడు. పెద్దాయన." ఇన్‌స్పెక్టరు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "ఇది చూడండి. ఆ రోజు లాగ్. 11:42:08, లాక్ తీశారు, 32. ఆ చివరి అంకె ఏ రకం కంప్యూటరో చెబుతుంది. ఈ బిల్డింగులో ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్లు మూడు. ఇదొకటి, సూపరింటెండెంటు గదిలోది ఒకటి, ఆ అమ్మాయి లాప్‌టాప్ ఒకటి. మూడింటికీ షాపువాడు ఒకే పేరు పెట్టి చచ్చాడు కాబట్టి పేరు చూసి లాభం లేదు. కానీ మిగతా రెండూ కొత్తవి, 64 బిట్. ఇదొక్కటే పాత రకం, 32. ఇక్కడ కూర్చునేది ఒక్కడే. ఇంకేం కావాలి?"

"ఇదే కాగితంలో ప్రోగ్రాం తెరిచింది రెండుసార్లు ఉంది. పొద్దున 8:02కి ఒకసారి, 11:38కి ఒకసారి. మధ్యలో మూసినట్టు ఎక్కడా లేదు. తెరిచి ఉన్న తలుపును మళ్లీ ఎలా తెరుస్తారు?"

"పాత డబ్బా వదినా. దానికి మతి ఉందా?"

"మతి లేనిదాని సాక్ష్యంతో మనిషిని లోపల వేస్తున్నావా?"

అతని ముఖం కందగడ్డ అయింది. 32 అని రాసింది ప్రోగ్రాం, ప్రోగ్రాంకు అబద్ధమాడే అవసరం లేదు, నాలుగింటికి కాగితాలు పోతాయి, ఇక ఆ మాట మళ్లీ ఎత్తొద్దు అన్నాడు. అక్క అబద్ధం అనలేదని, దాన్ని ఏం అడిగారో ఎవరైనా చూశారా అని మాత్రమే అంటున్నానని చెప్పింది. అతను వినిపించుకోకుండా మెట్లు దిగిపోయాడు. అప్పుడు రెండూ పది.

*

సూపరింటెండెంటు గది రెండో అంతస్తులో. ఆయనకు బటన్లంటే ప్రాణమని ఆసుపత్రంతా చెప్పుకుంటారు. కుర్చీలో కూర్చునే లిఫ్టును పైకీ కిందికీ పంపి మురిసిపోయేవాడట. ఒకసారి స్ట్రెచర్ మీద మనిషి లోపల ఉండగా ఐదో అంతస్తుకు బదులు రెండో అంతస్తుకు తెప్పించుకున్నాడు. అప్పుడు లిఫ్టు ఆపరేటరు తన కూతురితో పోరు పెట్టి ప్రోగ్రాం మార్పించాడు. పంతొమ్మిది రోజులైంది. కొత్త పద్ధతి ప్రకారం పైన కంట్రోల్ రూంలోని పాత కంప్యూటర్‌కే నిజం అధికారం. మిగతా కొత్త మెషీన్లలో ఏది నొక్కినా ఉత్తుత్తిదే, తెర మీద బొమ్మ కదులుతుంది, లిఫ్టు కదలదు.

అక్క అడిగినంతసేపూ ఆయన పేపర్‌వెయిట్ తిప్పుతూనే ఉన్నాడు. ఆ రోజు పదకొండున్నర నుంచి పన్నెండు దాకా ముగ్గురు డాక్టర్లతో మీటింగులో ఉన్నానన్నాడు. మధ్యలో లేచారా అంటే, ఒకసారి ఫోను మాట్లాడటానికి తన గదికి వచ్చానన్నాడు. ఎన్నింటికో గుర్తులేదు. కంప్యూటర్ జోలికి మాత్రం వెళ్లలేదట.

"పోయిన వారం బుధవారం, పై కంప్యూటర్ రిపేరులో ఉన్నప్పుడు, వెళ్లారా?"

పేపర్‌వెయిట్ ఆగింది. చూడటానికి తెరిచానని, చెయ్యి పెట్టలేదని, ఎలాగూ తనది బొమ్మే కదా అని నసిగాడు. పొద్దున పదింపావుకని తనే చెప్పాడు, టీ తాగుతూ తెరిచాడట.

ఈ మనిషే అని అక్కకు అనిపించింది. అనిపించినందుకు లోపల కొంచెం సంతోషం కూడా వేసింది. కింద సెక్యూరిటీ గదిలో ఆ ముసలి కళ్లకు ఏదో ఒకటి తీసుకెళ్లి చూపించాలని ఆత్రంగా ఉంది.

*

రెండూ నలభైకి కూతురిని కంట్రోల్ రూంకు పిలిపించింది. ఆ పిల్ల లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని వచ్చింది. తండ్రి కుర్చీలో కూర్చోబోయి, ఆగి, స్టూలు లాక్కుంది.

అక్క ఆమెను లాగ్ అంతా తెరవమంది. ఒక్క రోజుది కాదు, పంతొమ్మిది రోజులదీ. వరసల్లో చివర అంకె మీద వేలు పెట్టి కిందికి దించుకుంటూ పోయింది. 32, 32, 32. 64 అన్నది ఒక్కచోట కూడా లేదు. పోయిన వారం బుధవారం దగ్గర వేలు ఆగింది. 10:15, ప్రోగ్రాం తెరిచారు, 32.

"ఆ బుధవారం ఈ కంప్యూటర్ ఎక్కడుంది?"

"రిపేరు షాపులో," అంది పిల్ల.

"మరి 32 అని ఎవరు చెప్పారు?"

పిల్ల తెర వంక చూస్తూ ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. మెడ మీద చిన్న నరం కొట్టుకోవడం అక్కకు కనిపించింది. ప్రోగ్రాంలో తప్పు దొరికితే రాసినవాళ్లకు తల కొట్టేసినట్టు ఉంటుంది కాబోలు అనుకుని, తొందరపెట్టకుండా ఊరుకుంది.

"నేను తప్పు ప్రశ్న అడిగాను అక్కా," అంది చివరికి. గొంతు చాలా మామూలుగా ఉంది.

"నాకర్థమయ్యేట్టు చెప్పమ్మా."

పిల్ల చెప్పింది. ఆ ప్రోగ్రాం పాత కంప్యూటర్‌లోనూ నడవాలి కాబట్టి దాన్ని 32 రకంగానే తయారుచేసింది, అన్నిటికీ ఒకటే కాపీ. పాత మెషీన్‌లో దానికి ఇబ్బంది లేదు. కొత్త 64 మెషీన్‌లో పెడితే అక్కడి ఆపరేటింగ్ సిస్టం దాన్ని చూసి, పాపం పాతకాలపుది, కంగారుపడుతుందని, ఒక పక్కగా పాత ఏర్పాటంతా అమర్చి పెడుతుంది. ఇక్కడి ప్రాసెసర్ ఏ రకం అని ప్రోగ్రాం అడిగితే సిస్టం 32 అనే చెబుతుంది. ఊరడించడానికి చెప్పే మాట అది.

"నేను ఇల్లు ఎలాంటిది అని అడిగాననుకున్నాను. నిజానికి నువ్వెలాంటిదానివి అని దాన్నే అడిగాను. ఎక్కడున్నా ఒకటే జవాబు వస్తుంది. 32 అని వస్తే చాలు, లిఫ్టు మీద నిజం అధికారం ఇచ్చేస్తుంది."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. ముప్పై ఏళ్ల కిందటి ఎక్స్ఛేంజ్ సూపర్‌వైజరమ్మ ఒక్కసారి గుర్తుకొచ్చింది. ప్రోగ్రాం ఎవరు మాట్లాడుతున్నారో చెప్పింది. ఎక్కడి నుంచో చెప్పలేదు. అందరూ రెండూ ఒకటే అనుకున్నారు.

"అయితే ఎక్కడి నుంచో తెలుసుకునే దారే లేదా?"

ఉందంది పిల్ల. సిస్టం ఆ నిజాన్ని పూర్తిగా దాచదు. ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు దానికి ఒక జాబితా ఇస్తుంది, చుట్టుపక్కల సంగతులన్నీ ఉన్నది. కొత్త మెషీన్ మీద నడిచే పాత రకం ప్రోగ్రాంకు మాత్రం ఆ జాబితాలో ఇంకొక పేరు కింద అసలు రకం రాసి పెడుతుంది. ఆ రెండో పేరు జాబితాలో ఉంటే కొత్త మెషీన్. లేకపోతే అది నిజంగా పాతదే. తను ఆ రెండో పేరును చూడలేదు, అంతే.

"మా ఎక్స్ఛేంజ్‌లో ప్రతి ట్రంక్ కాల్‌కూ ఒక టికెట్ రాసేవాళ్లం. ఎవరూ చదవకపోయినా రాసేవాళ్లం. నీ ప్రోగ్రాం అలాంటిదేమీ రాయదా?"

పిల్ల కళ్లు మూసుకుంది. తెరిచి, రాస్తుందని చెప్పింది. మొదట్లో ఏదో తేడా వస్తుంటే, తెరిచిన ప్రతిసారీ ఆ జాబితా మొత్తాన్ని ఈ ఇనుప పెట్టెలో ఒక ఫైల్‌గా దించేట్టు రాసి, తీసేయడం మరచిపోయింది. 11:38దీ ఉంటుంది.

"అయితే తియ్యి."

"ముందు మెషీన్లు చూద్దాం అక్కా. ఏది ఎలా జవాబిస్తుందో తెలియకుండా ఫైల్ చూస్తే మళ్లీ ఎవరో ఒకరు కాదంటారు." కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "నాన్న కోసం పక్కాగా ఉండాలి."

పిల్ల పది నిమిషాల్లో చిన్న పరీక్ష రాసింది. ఆ పాత రకంలోనే రాసి, ఈసారి ప్రశ్న సరిగ్గా అడిగింది. దాంతో పాటు లోపల ప్రాసెసర్లు ఎన్ని ఉన్నాయో కూడా అడిగింది, ఆ సంఖ్య కూడా జాబితాలో ఉంటుందట. పాత కంప్యూటర్ మీద నడిపితే: రెండో పేరు లేదు, ప్రాసెసర్ ఒకటి. అక్క నోటుపుస్తకంలో రాసుకుంది. ఇద్దరూ రెండో అంతస్తుకు దిగారు. సూపరింటెండెంటు గొణుగుతూనే కుర్చీ ఇచ్చాడు. అతని మెషీన్ మీద: రెండో పేరు ఉంది, 64. ప్రాసెసర్లు నాలుగు. అక్క అతని ముఖం వంక చూసి మరీ రాసుకుంది.

మళ్లీ పైకి ఎక్కేసరికి మూడూ ఇరవై ఐదు. లాప్‌టాప్ సంగతి అక్కకు తట్టనే లేదు. పిల్లే సంచీలోంచి తీసింది.

"ఇది దేనికమ్మా?"

"మూడున్నాయి కదా అక్కా."

అదీ నిజమే, లైన్లన్నీ పరీక్షించకుండా వదిలేవాళ్లు కాదు తాము కూడా. లాప్‌టాప్ మీద: రెండో పేరు ఉంది, 64. ప్రాసెసర్లు రెండు. పిల్ల చేతులు మీటల మీద చాలా నెమ్మదిగా కదులుతున్నాయి. మంచినీళ్లు తాగమని అక్క సీసా అందిస్తే పుచ్చుకుంది గానీ మూత తీయలేదు.

ఇనుప పెట్టెలోని ఫైళ్లు వరసగా తెర మీదికొచ్చాయి. ప్రమాదం జరిగిన రోజు తేదీతో రెండున్నాయి. మొదటిది 8:02. రెండో పేరు లేదు, ప్రాసెసర్ ఒకటి. ఆయన పొద్దున తెరిచింది, ఈ కంప్యూటరే. రెండోది 11:38.

పిల్ల తెరిచింది. జాబితా పొడుగ్గా ఉంది. ఆమె ఎక్కడా వెతుక్కోకుండా సరిగ్గా ఆ వరస దగ్గరికే వెళ్లింది.

రెండో పేరు ఉంది. 64.

అక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆయన కాదు. ఈ గది కాదు. ఇక ఆ బటన్ల పిచ్చివాడి సంగతి చూడటమే. "నాలుగు ఉండాలి," అంది, పెన్ను సిద్ధంగా పెట్టుకుని.

పిల్ల కింది వరస మీద వేలు పెట్టింది.

ప్రాసెసర్లు: 2.

అక్క నోటుపుస్తకం చూసింది. మళ్లీ తెర చూసింది. పెన్ను కాగితం మీద ఆనించింది గానీ రాయడానికి చెయ్యి రాలేదు.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"బుధవారం అంకె మీద మీరు వేలు పెట్టినప్పుడు."

తరవాత అంతా చెప్పింది, ఎక్కడా తొట్రుపడకుండా. గుంటలోకి దిగబోతూ బాబాయి ఆమెను చూసి ఆటపట్టించాడు, నీ తాళం గట్టిదేనా అమ్మాయ్, బాబాయి కావాలా వద్దా అని. ఇప్పుడే చూపిస్తానంది. స్టోర్ రూంలో తీగ తగిలించి 11:38కి ప్రోగ్రాం తెరిచింది. తండ్రికి ఫోన్ చేసి, కొత్త మెషీన్ నుంచి నొక్కినా లాక్ పోదని పరీక్షిస్తున్నానని కూడా చెప్పింది. ఇంట్లో చాలాసార్లు పరీక్షించింది, ఏమీ కదలలేదు. ఇంట్లో కదలడానికి లిఫ్టు లేదన్న సంగతి అప్పుడు ఆలోచించలేదు. 11:42కి తీయమని నొక్కింది. తెర మీద ఆజ్ఞ అందిందని వచ్చింది. ఉత్తుత్తిదైనా అదే వస్తుంది. లాక్ గట్టిదేనని బాబాయికి చెబుదామని లేచింది. గుమ్మం దాటుతుంటే కేక వినిపించింది.

"నాది 64 కదా అక్కా. నాది కాదనుకున్నాను. నాలుగు రోజులూ ఒక్కసారి కూడా అనుకోలేదు. నాన్న ఎందుకు ఒప్పుకున్నాడో అర్థంకాక ఆయన మీద కోపం కూడా తెచ్చుకున్నాను."

ఆ ముసలాయన ఈ తెర ముందు కూర్చుని ఉండగా, తను వేసిన లాక్ తనంతట తానే పోవడం కళ్లారా చూశాడు. కింద ఎవరు ఉన్నారో, ఏం చేస్తున్నారో ఆయనకు అంతకు నాలుగు నిమిషాల ముందే తెలుసు. 32 అని ఎందుకు వచ్చిందో ఆయనకు తెలియదు. తనను పట్టుకోవడానికి అది చాలునని మాత్రం తెలుసు. ఆ కంప్యూటర్ పక్కన పడేయమని చెప్పండి అని ఆయన బతిమాలింది దీనికా అని అక్క మనసు చివుక్కుమంది. మాట ఇచ్చి, ఆ పిల్లను తనే తెచ్చి దీని ముందు కూర్చోబెట్టింది.

గోడ గడియారం మూడూ యాభై రెండు చూపిస్తోంది. అక్క వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఇంత వయసులో, ఇన్ని కేసుల తరవాత, మొదటిసారి ఆమెకు ఒక ఫైల్ లేకుండా పోతే బాగుండుననిపించింది. అనిపించిన మాట దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

"మీ నాన్న ఏం కోరుకుంటున్నాడో నీకు తెలుసు కదా తల్లీ."

"తెలుసు. నేను కోరింది మీకు నిన్న గుమ్మంలో చెప్పాను."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు తలుపు తోసుకుని వచ్చాడు, చేతిలో కాగితాల కట్టతో. ఇద్దరి ముఖాలూ చూసి, ఎకసెక్కానికి తెచ్చుకున్న మాటేదో నోట్లోనే మింగేశాడు.

"టైమైంది వదినా. ఆయన కాదంటారు. ఒప్పుకుంటాను, చెప్పండి. లాక్ తీసింది ఎవరు? ఎక్కడి నుంచి?"

ఈ రెండు ప్రశ్నలూ కలిపి ఎవరైనా అడగాలని అక్క జీవితమంతా కోరుకుంది. ఇవాళ అడిగారు.

పిల్ల స్టూలు మీంచి లేచింది. తెరను ఇన్‌స్పెక్టరుకు కనిపించేలా అతని వైపు తిప్పింది.

"నేనే సార్," అంది. "కింద స్టోర్ రూం నుంచి."

కింద, చాలా కింద, సెక్యూరిటీ గది ముందు ఆమె తండ్రిని ఎక్కించుకున్న జీపు స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. ఆ పిల్ల కిటికీ దగ్గరికి పరుగెత్తి, బాబాయి పైకి చూసి పిలిచినట్టే, తను కిందికి చూసి నాన్నా అని ఒక్క కేక వేసింది.

కిందినుంచి ఎవరూ ఊఁ అనలేదు.